పాత ఫోను ఎవరి గుమ్మానికి చేరుతోంది?

పండుగకు ఇల్లు సర్దేటప్పుడు అలమారాల్లోంచి పనిచేయని సెల్‌ఫోన్లు, తెగిన చార్జర్లు, ఉబ్బిన బ్యాటరీలు బయటపడతాయి. వాటిని వీధిలోకొచ్చిన పాతసామాన్ల వ్యాపారికిచ్చి నాలుగు రూపాయలు తీసుకుంటాం. ఇల్లు శుభ్రపడిందని సంతోషిస్తాం. ఆ సామాను తర్వాత ఎక్కడికి పోతుందో ఆలోచించం.

2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్య సమితి సంస్థల నివేదిక చెబుతోంది. అందులో నాలుగో వంతు కూడా పద్ధతి ప్రకారం రీసైక్లింగ్‌కు చేరలేదు. మన దేశంలో ఈ సామాను ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ వంటి చోట్లకు చేరుతూ వచ్చింది. అక్కడ పేద ముస్లిం కుటుంబాలెన్నో ఈ పని మీదే బతికాయి. రాగి కోసం వైర్లు కాల్చడం, బంగారం కోసం సర్క్యూట్ బోర్డులను యాసిడ్‌లో ముంచడం వారి పని. ఆ పొగలో డయాక్సిన్లుంటాయి. పాత డబ్బా టీవీల గాజులోనూ, బోర్డుల టంకంలోనూ ఉన్న సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది.

చట్టం లేదా అంటే ఉంది. 2022 నాటి నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వీటి ప్రకారం, అమ్మిన సరుకు పాతబడ్డాక దాన్ని రీసైకిల్ చేయించే బాధ్యత కంపెనీలదే. ఇందుకు కిలోకు కనీసం 22 రూపాయలు చెల్లించాలని 2024లో కేంద్రం నిర్ణయించగా, అది భారమంటూ కొన్ని పెద్ద కంపెనీలు 2025లో ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. కంపెనీ కట్టని ఖర్చును చివరికి సీలంపూర్ కుర్రాడు తన ఊపిరితిత్తులతో కడుతున్నాడని మనం మరువరాదు. అలాగని దాడులు చేసి ఆ కొట్లను మూయిస్తే పని ఆగదు, లోపలి సందుల్లోకి పోతుంది. వారికి శిక్షణనిచ్చి, రిజిస్టరైన కేంద్రాల్లో ఉపాధి చూపడమే న్యాయం.

మనవంతు పని కష్టమైనదేమీ కాదు. బాగయ్యే వస్తువును బాగుచేయించుకుందాం. పనిచేసేదాన్ని అవసరమున్నవారికి ఇద్దాం. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకుండా, చెత్తబుట్టలో వేయకుండా విడిగా ఉంచుదాం. ఫోన్‌లోని సిమ్ తీసి, ఫోటోలు చెరిపి, కంపెనీ సేకరణ కేంద్రానికి అప్పగిద్దాం. మొహల్లాకు ఒక పెట్టె పెట్టి, మూడు నెలలకోసారి రిజిస్టరైన సంస్థకు పంపే బాధ్యతను మస్జిద్ కమిటీలు తీసుకోవచ్చు. మన ఇంటి శుభ్రత మరొకరి పిల్లలకు విషం కాకూడదు.