సాకీ లేని మైఖానా

"నువ్వు తాగవు కదా భాయ్, నీకెందుకీ లొల్లి?" అని అడిగేవాళ్లకు ముందే జవాబు చెప్పేస్తా. అవును, నేను తాగను. మా మజ్‌హబ్‌లో షరాబ్ హరామ్. అట్లాగని తాగేవాళ్లను చూసి నఫ్రత్ పెంచుకునేంత పాక్‌సాఫ్ మనిషినని దావా కూడా చేయను. కానీ మా గల్లీ నుంచి మెయిన్ రోడ్డు ఎక్కాలంటే వైన్స్ ముందు నుంచే పోవాలి. మా బిటియా కూడా రోజూ ఆ దారినే ట్యూషన్‌కు పోతుంది. కాబట్టి ఆ దుకాణం ఎట్లా కట్టారు, లోపల ఏం పెట్టారు, ఏం పెట్టలేదు అని అడిగే హక్కు నాకూ ఉంది.

ఉర్దూ మీడియంలో చదివిన పిల్లగాడికి షరాబ్ చుక్క తెలియకముందే మైఖానా తెలుస్తుంది. గజల్ నిండా అదే కదా! సాకీ, పైమానా, సురాహీ, రింద్, వాయిజ్. ఐదు పూటల నమాజీ అయిన మా ఉస్తాదే మాకు గాలిబ్‌ను చెప్పారు. మైఖానా అంటే ఒక మహెఫిల్ అనీ, కూర్చోడానికి జాగా ఉంటుందనీ, పోసేవాడికి తాగేవాడి ముఖం తెలిసి ఉంటుందనీ మనసులో ఒక నక్షా పడిపోయింది. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నా. ఊళ్లు తిరిగితే కల్లు మండువా కనిపించింది. తాటిచెట్టు నీడ, చేతిలో రేక, ఎవరికి ఎంత పొయ్యాలో, ఎవరిని ఇక ఇంటికి పొమ్మనాలో తెలిసిన గౌడన్న. అక్కడా సాకీ ఉన్నాడు.

ఇప్పుడు మన వైన్స్ చూడండి. ముందు ఇనుప గ్రిల్. చెయ్యి పట్టేంత కంత. వెనక ర్యాకులు, రెండు ఫ్రిజ్‌లు, సీసీ కెమెరా. పేరుకు వైన్స్, అసలు వైన్ అడిగితే మూల నుంచి దుమ్ము దులిపి ఇస్తారు. పక్కన రేకుల షెడ్డు, అదే పర్మిట్ రూమ్. నిలబడి తాగడానికి గట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు. నేను చూసినవాటిలో చాలావాటికి బాత్‌రూమ్ లేదు. అందుకే పక్క గోడ తడుస్తుంది. ఆ గోడ ఒకచోట బడిది, ఇంకోచోట ఖబ్రస్తాన్‌ది.

యజమానులంతా బద్‌తమీజ్‌లని నేననను. ఇదంతా హిసాబ్ ముచ్చట. తెలంగాణలో 2,620 షాపులు. లైసెన్సు రెండేళ్లు. అది కూడా లాటరీలో. 2023లో దరఖాస్తుకు 2 లక్షలు, 2025లో 3 లక్షలు. లాటరీ తగలకపోయినా ఆ పైసలు వాపస్ రావు. 2025లో 95 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. అంటే ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,850 కోట్లు! తగిలినవాడు దరఖాస్తు పైసలు పోను, జనాభాను బట్టి ఏడాదికి 50 లక్షల నుంచి కోటీ పది లక్షల దాకా లైసెన్సు ఫీజు కట్టాలి. సరుకు సర్కారు డిపో నుంచే కొనాలి. ధర సీసా మీదే అచ్చేసి ఉంటుంది. ఎక్కువ తీసుకోవద్దు.

లాటరీ తగిలిన ఒక దోస్తును "కనీసం నాలుగు కుర్చీలు, ఒక బాత్‌రూమ్ పెట్టరాదా?" అని అడిగా. నవ్విండు. "రెండేండ్ల ముచ్చటకు టైల్స్ ఎవలేస్తరు భాయ్? వచ్చేసారి నాకే తగుల్తదని గ్యారంటీ ఉన్నదా? కూసుండవెడితే లేస్తరా?" అతని మాటలో తప్పేముంది? బాగా పెట్టినందుకు ఇనామ్ లేదు, పాడుగా పెట్టినందుకు సజా లేదు. ఇరవై ఏళ్లు నడిపిస్తానన్న భరోసా ఉంటే ఇరానీ హోటల్ వాడిలా పాలరాయి బల్లలు వేసేవాడేమో. దుకాణం మీద ఇజ్జత్ పెరగాలంటే దుకాణం తనదన్న నమ్మకం కావాలి. ఇక్కడ మిగిలేది జూదం ఒక్కటే.

ఆంధ్రలో 2019లో సర్కారే కౌంటర్‌లో కూర్చుంది. 2024 అక్టోబరులో మళ్లీ లాటరీ తీసి 3,396 షాపులు ప్రైవేటుకు ఇచ్చింది. అంతకుముందు దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1995లో నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఇన్నేళ్లలో గల్లా పెట్టె చేతులు మారింది. తాగేవాడు నిలబడే జాగా ఎట్లుండాలన్న సవాల్ ఏ హుకూమత్ అడిగింది? శాఖ పేరు చూడండి, ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్. ఒక చేత్తో వద్దంటుంది, ఒక చేత్తో వసూలు చేస్తుంది. మనోళ్ల నోట మాత్రం అది ఇప్పటికీ ఆబ్కారీయే. నిజాం జమానా ఫార్సీ మాట, ఇంకా నౌకరీ చేస్తూనే ఉంది.

మాట అంటే గుర్తొచ్చింది. దావత్ అంటే మా ఇళ్లలో పిలుపు, దస్తర్‌ఖాన్, మెహమాన్. ఇప్పుడు "దావత్ ఉందా?" అంటే సీసా ఉందా అని అర్థం. ఒక మంచి లఫ్జ్ కూడా పర్మిట్ రూమ్‌లోకి పోయి తూలుతూ బయటికొచ్చింది.

"కుర్చీలేస్తే ఇంకా తాగుతారు" అని కొందరు అంటారు. గటగటా రెండు క్వార్టర్లు నిలబడి మింగి, ఖాళీ కడుపుతో బండెక్కేవాడు తక్కువ తాగినట్టా? కూర్చున్నవాడు ఇంత తింటాడు, నీళ్లు తాగుతాడు, ఎవరో ఒకరు "ఇక చాలు" అంటారు. "గునాహ్‌కు సోఫా వేయమంటావా?" అని మా వాళ్లు కోప్పడతారు. జనాబ్, గునాహ్ లెక్క అల్లా చూసుకుంటాడు. ఆ గునాహ్ పైసలతో రోడ్లు, పింఛన్లు తీసుకుంటున్న మనం ఆ మనిషిని జానవర్‌లా నిలబెట్టడం ఏ ఇన్సాఫ్?

నా మాట సీదా. బాత్‌రూమ్, కుర్చీలు, తాగే నీళ్లు, బయట వెలుతురు లేని దుకాణానికి లైసెన్సు ఇవ్వొద్దు. బాగా నడిపినవాడికి రెండేళ్లకే పీకేయకుండా ఇంకొంత మియాద్ ఇవ్వండి. వాపస్ ఇవ్వని ఆ దరఖాస్తు పైసల్లోంచి కొంత తాగుడు మాన్పించే వైద్యానికి, ఆ గల్లీల్లో దీపాలకు పెట్టండి. షాపు ఎక్కడ రావాలో చెప్పేటప్పుడు బస్తీ ఆడవాళ్లను ఒక్కసారి అడగండి. రేపొద్దున అన్ని వైన్స్ బంద్ అయితే నాకు ఖుషీయే. అప్పటిదాకా మాత్రం, మనుషులకు అమ్మేటప్పుడు మనుషులకు కట్టినట్టు కట్టండి.