బొట్టు ఎక్కణ్ణుంచి పడుతోంది?

మన అమ్మమ్మల కాలంలో రాగి కాగుకి చిల్లు పడితే మాటు వేయించేవాళ్ళు. మళ్ళీ పదేళ్ళు నిక్షేపంగా నీళ్ళు కాగేవి. ఆ పొదుపు బుద్ధి మనకీ అబ్బింది, మంచిదే. కాని కాగులో కరెంటు లేదు, లోపల ఒత్తిడి పెరగడమూ లేదు. గీజరులో రెండూ ఉన్నాయి. అందుకే కారుతున్న గీజరుని, అందులోనూ ఒకరు వాడి అమ్మినదాన్ని, బాగు చేయించాలా మార్చేయాలా అన్నది కేవలం డబ్బు లెక్క కాదు.

బదిలీ మీద వెళ్తూ పక్కింటివాళ్ళు అమ్మిన పాతిక లీటర్ల గీజరు ఈమధ్య మా ఇంట్లో కారడం మొదలుపెట్టింది. రిపేరు చాలని మావారు, కొత్తది కొనమని అబ్బాయి. ముందు బొట్టు ఎక్కణ్ణుంచి పడుతోందో చూద్దామన్నాను నేను. నిర్ణయమంతా అక్కడే ఉంది మరి!

పైపు అతుకు దగ్గరో, కాయిల్ బిగించిన చోటో కారితే వాషరో గాస్కెట్టో మారిస్తే సరిపోతుంది. నీళ్ళు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి నాలుగు చుక్కలు పడటం జబ్బు కాదు. వేడికి నీళ్ళు వ్యాకోచిస్తాయి, ఆ ఒత్తిడిని వాల్వు బయటికి వదులుతోందన్నమాట. చుక్కలు పడుతున్నాయని దాన్ని మూయించారా, ట్యాంకు పగిలే ప్రమాదముంది. అదేపనిగా కారుతుంటే వాల్వు మార్పించండి, అంతేగాని బిరడా కొట్టించకండి.

లోపలి ట్యాంకే కారుతుంటే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే. చాలా గీజర్లలో ఇనప ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల గాజు పూత ఉంటుంది. ట్యాంకు బదులు తాను అరిగిపోయే మెగ్నీషియం కడ్డీ కూడా ఉంటుంది. ఆ కడ్డీ అయిపోయాక, పూత బీటలిచ్చిన చోటల్లా తుప్పు లోపల్నించే తినేస్తుంది. పైన ఎన్ని పూతలు పూసినా లాభం లేదు. మాది సరిగ్గా ఇదే. "సీలు పూస్తానమ్మా, ఆర్నెల్లు లాగుతుంది" అన్నాడు మెకానిక్. వద్దన్నాను. ఆ ఆర్నెల్లలో ఏ రోజు తడి వైర్లని తాకుతుందో ఎవరు చెప్పగలరు?

తెల్లారగట్ల లేచి, తడిచేత్తో గీజరు స్విచ్చి వేసేది చాలా ఇళ్ళలో మనమే కదా! కారుతున్నట్టు కనబడగానే ముందు మెయిన్ ఆపించండి. ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. 30 మిల్లీయాంపుల ఆర్.సి.సి.బి. పెట్టించుకుంటే, కరెంటు లీకైన క్షణంలోనే సప్లయి ఆగిపోతుంది. కొత్తది కొంటే ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. ఏడాదికోసారి ఆ మెగ్నీషియం కడ్డీని చూపించడం మరిచిపోకండి.

ఇక పాత గీజరు సంగతి. "పనమ్మాయికి ఇచ్చేద్దాం, వాళ్ళే బాగు చేయించుకుంటారు" అన్న మాట మా ఇంట్లోనూ వచ్చింది. మన పిల్లలకి ప్రమాదమైనది ఆమె పిల్లలకి కాకుండా పోతుందా? వైరు కోయించి, తూకానికి వేయించేశాను.