పొరుగు జట్టుకు పంపిన కుర్రవాడు



మన ఇళ్ళలో ఇచ్చిపుచ్చుకోవడానికి మూడు మాటలున్నాయి. డబ్బయితే అప్పు అంటాము. సోలెడు బియ్యమో గిద్దెడు నూనో అయితే బదులు. ఆ గింజలే తిరిగి రానక్కరలేదు, అంతే కొలత వస్తే చాలు. పెళ్ళికి పెట్టుకోవడానికి పొరుగింటి గొలుసు తెచ్చుకుంటే అది ఎరువు. ఏ గొలుసు తెచ్చామో ఆ గొలుసే తిరిగి ఇవ్వాలి. ఇంగ్లండు దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బులు వస్తువులను కాదు, మనుషులనే ఇలా ఎరువిస్తాయి. దానిని వారు లోను అంటారు.

పెద్ద క్లబ్బులో పద్దెనిమిదేళ్ళ యౌవనస్థుడు ఒకడుంటాడు. చిన్ననాటి నుంచి అక్కడే ఆట నేర్చుకున్నాడు. మంచి ఆటగాడవుతాడని అందరూ అంటారు. కాని మైదానంలోకి దిగేది పదకొండుమందే. ఆ చోట్లలో చెయ్యి తిరిగిన పెద్దవాళ్ళున్నారు. ఊరకే బల్ల మీద కూర్చుంటే ఆట రాదు గనుక, క్లబ్బు అతన్ని కొన్ని నెలలకో ఒక సీజనుకో చిన్న జట్టుకు పంపుతుంది. జీతంలో కొంతో, మొత్తమో ఆ చిన్న జట్టే ఇచ్చుకుంటుంది. గడువు తీరాక అతడు తిరిగి రావాలి.

లెక్కకు ఇది మంచి ఏర్పాటే. కాని అభిమానుల మనస్సు లెక్కకు లొంగదు. పంపిన క్లబ్బు అభిమానులకు రెండు దిగుళ్ళు. ఇక్కడ వయసు మళ్ళినవాడు తడబడుతుంటే, మన పిల్లవాడు ఊరుగాని ఊరిలో గోల్స్ చేస్తున్నాడే అన్నది మొదటిది. అసలు వీడిని పెంచడానికి పంపారా, వదిలించుకోవడానికి పంపారా అన్నది రెండవది. తీసుకున్న జట్టు అభిమానుల బాధ వేరు. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్నారు పెద్దలు. ఎంత బాగా ఆడినా వాడు తమవాడు కాడు. వాడికి చోటిస్తే తమ సొంత కుర్రవాడు ఒకడు బయట కూర్చోవాలి. ఇంగ్లండు ప్రీమియర్ లీగులోనైతే, లోను మీద వచ్చినవాడు తన సొంత క్లబ్బుతో ఆట జరిగే రోజున ఆడకూడదన్న నియమం కూడా ఉంది. వాడు ఎవరి సొత్తో ఆనాడు అందరికీ గుర్తుకొస్తుంది.

వీరందరి మధ్య ఆ కుర్రవాని మనస్సు ఎలా ఉంటుందో ఆలోచించండి. 1995లో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు 19 ఏళ్ళ డేవిడ్ బెక్‌హామ్‌ను ప్రెస్టన్ నార్త్ ఎండ్ జట్టుకు పంపింది. అది నాలుగో శ్రేణిలో ఆడే జట్టు. తనను వదిలించుకుంటున్నారేమోనని భయపడ్డానని అతడే తరువాత చెప్పుకున్నాడు. అక్కడ ఆడినవి 5 ఆటలు, చేసినవి 2 గోల్స్. అతడు తిరిగి వచ్చి ఎంతటివాడయ్యాడో లోకమెరుగును.

హ్యారీ కేన్ కథ ఇంకా పొడుగు. టాటెన్‌హామ్ క్లబ్బు అతన్ని ఒకటి కాదు, నాలుగు జట్లకు పంపింది. 2011లో, 17 ఏళ్ళ వయసులో, లేటన్ ఓరియెంట్‌కు వెళ్ళి 5 గోల్స్ చేశాడు. 2012లో మిల్‌వాల్ జట్టు కింది శ్రేణికి పడిపోకుండా గట్టెక్కడంలో అతని గోల్స్ ఎంతో తోడ్పడ్డాయి. తరువాత నార్విచ్‌లో కాలికి దెబ్బ తగిలింది. 2013లో లెస్టర్‌కు వెళితే అక్కడ ఎక్కువగా బల్ల మీదే కూర్చోవలసివచ్చింది. రెండవ శ్రేణి జట్టులోనే చోటు దొరకనివాణ్ణి టాటెన్‌హామ్‌లో ఎలా ఆడగలనని కుమిలిపోయానని అతడు తరువాత చెప్పాడు. ఓపిక పట్టి పని చేస్తూ ఉండమని అప్పుడు తండ్రి ధైర్యం చెప్పాడట. ఆ బల్ల మీద కూర్చున్నవాడే 2023 నాటికి టాటెన్‌హామ్‌కు 280 గోల్స్ చేసి, ఆ క్లబ్బు చరిత్రలో అందరినీ మించిపోయాడు.

అయితే పంపిన ప్రతివాడూ ఇలా తిరిగి రాడు. చెల్సీ క్లబ్బు బెల్జియం యువకుడు కెవిన్ డి బ్రయినాను 2012లో జర్మనీలోని వెర్డర్ బ్రెమెన్‌కు పంపింది. లీగులో 10 గోల్స్ చేసి తిరిగి వచ్చాడు. వచ్చినవానికి చోటు లేదు. 2014 జనవరిలో అతన్ని అమ్మేశారు. 2015లో మాంచెస్టర్ సిటీ అతన్ని కొనుక్కున్నది. అక్కడ అతడు 6 లీగు కిరీటాలు గెలిచాడు. చెల్సీ అభిమానులు అది చూస్తూ కూర్చోవలసివచ్చింది. ఆ రోజుల్లో కొన్ని సీజన్లలో చెల్సీ 30 మందికి పైగా ఆటగాళ్ళను ఇలా బయటికి పంపింది. అంతమందిలో ఎవరు ఎక్కడ ఎలా ఉన్నారో అభిమానికి గుర్తుండడమే కష్టం.

ఈ తీరు శ్రుతి మించిందని 2022 జూలై నుంచి ఫీఫా సంస్థ దేశం దాటే లోన్లకు హద్దు పెట్టింది. లోను ఒక సంవత్సరం మించకూడదు. తెచ్చుకున్నవాణ్ణి మళ్ళీ మూడో క్లబ్బుకు పంపకూడదు. 2024 నుంచి ఒక క్లబ్బు ఒక సీజనులో ఆరుగురిని మించి పంపరాదు. అయితే ఆ క్లబ్బే తర్ఫీదిచ్చిన 21 ఏళ్ళలోపు కుర్రవాళ్ళు ఈ లెక్కలోకి రారు. చిన్నవారు ఎక్కడో ఒకచోట ఆడి నేర్చుకోవాలి గదా!

మన పల్లెలలో పిల్లవాణ్ణి హాస్టలుకో, మేనమామ ఇంటికో పంపి చదివించే తల్లిదండ్రులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కళ్ళ ముందు ఉంచుకోవాలన్న ఆశ ప్రేమే. కాని బల్ల మీద కూర్చోబెట్టి చూసుకుని మురిసిపోతే వాడు ఎదగడు. అలాగని పంపి మరచిపోతే, వాడు ఎదిగినా మనకు దక్కడు. పంపడంలో తప్పు లేదు. పంపినవారు ఆ కుర్రవాని ఆట చూడడానికి వెళుతున్నారా, కుశలం అడుగుతున్నారా, తిరిగి వచ్చే రోజుకు చోటు సిద్ధం చేస్తున్నారా అన్నదే అసలు ప్రశ్న. అభిమానులు క్లబ్బును నిలదీయవలసినది కూడా ఈ ప్రశ్నతోనే. ‘ఎందుకు పంపారు?’ అన్న ఒక్క కేకతో కాదు.

మరి ఎరువు తెచ్చుకున్న చిన్న జట్టుకు చివరకు మిగిలేది ఏమిటి? సామెత చెప్పిన బరువేనా? 2020లో కరోనా వచ్చి ఆటలు ఆగిపోయాయి. ప్రేక్షకుల టిక్కెట్ల మీద బ్రతికే చిన్న క్లబ్బులు అల్లాడిపోయాయి. ఆ సమయంలో హ్యారీ కేన్ లేటన్ ఓరియెంట్‌ను మరచిపోలేదు. వారి చొక్కాల మీద ప్రకటన వేసుకునే హక్కును తన డబ్బుతో కొన్నాడు. కాని తన పేరు వేయించుకోలేదు. ఒక చొక్కా మీద కరోనా రోగులకు సేవ చేసినవారికి కృతజ్ఞతలు, మరొకదాని మీద జబ్బుపడిన పిల్లలను ఆదరించే సంస్థ పేరు, మూడవదాని మీద మానసిక వ్యాధిగ్రస్తులకు సాయపడే సంస్థ పేరు వేయించాడు. అతడు ఆ జట్టులో ఉన్నది అప్పటికి 9 సంవత్సరాల క్రితం, అదీ సగం సీజను మాత్రమే.