ఓటేసినాం సరే, గట్టు రాసియ్యలేదు

మొన్న వేములలో టీ అంగడి కాడ ఒక అన్న గట్టిగా అంటాండాడు. "లక్షల మంది ఓట్లేసి గెలిపించిన ప్రభుత్వం చట్టం చేస్తే, ఒక్క ఓటు గూడ అడగని జడ్జి దాన్ని కొట్టేసేదేంది? ఇదేం ప్రజాస్వామ్యం?" అని. పక్కనున్నోళ్లు తలకాయలూపినారు. నాకు ఆపొద్దు అరటి గెలల లారీ తొందర, ఏమీ అనకుండా వచ్చేసినా. ఇప్పుడు నిదానంగా రాస్తాండా. పులివెందుల నియోజకవర్గంలో ఈ మాట కొందరికి రుచించదు. అయినా చివరిదాకా చదవండి, తర్వాత తిట్టండి.

మన ఊర్లో వెయ్యి ఓట్లున్నాయనుకుందాం. తొమ్మిదొందల తొంభై తొమ్మిది మంది చేతులెత్తి, నా చేని గట్టు రెండు గజాలు లోపలికి జరపాలంటే జరుగుతాదా? జరగదు. సర్వేయరు రావాల, ఎఫ్ఎంబీ చూడాల, కొలత వేయాల. ఊర్లో ఎవురు గెలిచినా కొలత మారదు. రాజ్యాంగం అట్లాంటి కొలతే. ప్రాథమిక హక్కులకు ఎదురుపోయే చట్టం చెల్లదని 13వ అధికరణంలో రాసింది రాజ్యాంగ సభ, జడ్జీలు కాదు. మరి చెల్లదని ఎవురో ఒకరు తేల్చాల గదా. చట్టం చేసినోళ్లనే తేల్చమంటే, గట్టు జరిపినోడి చేతికే టేపు ఇచ్చినట్టు.

మన సొంత లెక్కలో చెప్తా. తుమ్మలపల్లె గని వచ్చిన మండలం మనది. భూసేకరణ నోటీసు అంటే ఏందో మనకు ఇంకొకరు చెప్పే పని లేదు. నోటీసు వచ్చినపుడు మొదటి ప్రశ్న ఏంది? పట్టా భూమా, డీకేటీనా అని. డీకేటీ పట్టాలో ఒక షరతు ఉంటాది, ప్రజావసరం పడితే పరిహారం లేకుండా ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చని. మా తాతల కాలంలో రాళ్లు ఏరి, కంప కొట్టి, బాయి తవ్వి సాగులోకి తెచ్చిన భూమి ఇది. పక్క చేను పట్టాదారుకు మార్కెట్ ధర, దానిమీద సొలేషియం. మనకు మాత్రం దయదలచి ఇచ్చే ఎక్స్‌గ్రేషియా. ఏండ్ల తరబడి ఇట్లనే నడిచింది. మధ్యలో ఎన్ని ఎన్నికలు జరిగినాయో లెక్క పెట్టుకోండి. ఏ పార్టీ గెలిచినా ఆ షరతు పోలేదు.

అది 2004లో పోయింది. చేవెళ్ల ఆర్డీవో కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పిచ్చింది. పరిహారం లేకుండా తీసుకుంటామనే షరతు రాజ్యాంగానికి విరుద్ధం, అసైన్డ్ రైతుకు గూడ పట్టాదారుతో సమానంగా ఇయ్యాల్సిందే అని. మొన్న 2025 మార్చిలో కర్నూలు కాడి ఒక అసైన్డ్ భూమి కేసులో సుప్రీంకోర్టు గూడ రైతు కుటుంబం పక్కనే నిలబడి 70 లక్షలు ఇయ్యమనింది. ఓటు అడగని జడ్జీలే ఇది చేసినారన్నా. ఓటు అడిగినోళ్లకు డీకేటీ రైతు తెలియక కాదు. గెలుపోటములు మార్చేంత మంది కాదు మనం, అంతే.

2020లో పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులేస్తే హైకోర్టు తీసేయమనింది, సుప్రీంకోర్టు గూడ అదే చెప్పింది. అప్పుడు కోర్టును తిట్టిన పార్టీ ఈపొద్దు అదే కోర్టు మెట్లెక్కుతాంది. రేపు వీళ్లు దిగిపోతే వీళ్లూ ఎక్కుతారు. కోర్టు విలువ కుర్చీ పోయినంక తెలుస్తాది అందరికీ.

ఇంగ భూ హక్కుల చట్టం సంగతి, అదే ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్. భూమి తగాదా వస్తే సివిల్ కోర్టుకు పోయేదానికి లేదన్నారు. ఒక అధికారి, ఆయన పైన ఇంకొక అధికారి, తర్వాత ఏకంగా హైకోర్టు. దాన్ని కొట్టేసింది కోర్టు కాదు, 2024లో కొత్త అసెంబ్లీనే రద్దు చేసింది. నేను చెప్పేది వేరే. ఆ చట్టం మీద ఊర్లల్లో భయం ఎందుకొచ్చింది? "జమ్మలమడుగు కోర్టుకో, పులివెందుల కోర్టుకో పోకుండా ఎట్ల ఆపుతారు?" అని గదా. ఆపొద్దు మనకు జడ్జి కావాల. ఈపొద్దు జడ్జి ఎవుడని అడుగుతాండాం.

అవతలి మాటలో నిజం గూడ ఉంది, దాచను. జడ్జీలు పేదోళ్ల పక్కనే ఎప్పుడూ లేరు. 1951లో పాట్నా హైకోర్టు బీహార్ భూసంస్కరణల చట్టాన్ని కొట్టేసింది, జమీందార్లు సంబరపడినారు. ఆ ఏడే పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ చేసి తొమ్మిదో షెడ్యూలు పెట్టింది. ఎమర్జెన్సీలో, 1976లో, జైల్లో పెట్టినోళ్లకు కోర్టుకొచ్చే హక్కు లేదని సుప్రీంకోర్టే చెప్పింది, అదొక మచ్చ. అయితే జడ్జి తప్పు చేస్తే దిద్దేదానికి పైకోర్టు ఉంది, పార్లమెంటుకు సవరణ ఉంది. కోర్టే లేకపోతే ప్రభుత్వం తప్పు చేసినపుడు ఐదేండ్లు కాచుకోవాల. అప్పటికి మన చేను తవ్వేసింటారు.

నాకు కోర్టు మీద అసలు కోపం వేరే. దూరం, ఖర్చు, ఏండ్లు. రాజ్యాంగ హక్కు కోసం రిట్టు వేయాలంటే ఒక రాత్రంతా బస్సులో కూర్చోని అమరావతి పోవాల. 1937 శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని గానీ హైకోర్టు గానీ రాయలసీమకు రావాల. 1953లో రాజధాని కర్నూలుకొచ్చి మూడేండ్లకే పోయింది. హైకోర్టు అప్పుడూ గుంటూరే, ఇప్పుడూ ఆ పక్కనే. కొట్లాడితే దీనికి కొట్లాడదాం, కర్నూలులో బెంచి పెట్టమని. వాయిదాల మీద వాయిదాలు ఎందుకని అడుగుదాం. కోర్టు అధికారం తీసేస్తే మన బస్సు చార్జీ తగ్గదు.

టీ అంగడి అన్నకు ఒక్క ముక్క. నీ నాలుగెకరాల్లో రెండున్నర డీకేటీ అని నాకు తెలుసు. 2004 తీర్పు తెలుగు కాగితం కావాలంటే ఇంటికి రా, చూపిస్తా. డీకేటీ భూమి పోయి పట్టాదారు కంటే తక్కువ పరిహారం తీసుకున్నోళ్లు ఎవురన్నా ఉంటే అవార్డు కాగితం, పట్టా జిరాక్సు తీసి పెట్టుకోని కింద రాయండి. ఆదివారం నేను ఖాళీనే, తోట కాడ ఉంటా.