తక్కెడ మన బల్లమీదే ఉండాలి

అంగట్లో బియ్యం కొనేటప్పుడు తక్కెడ ముల్లు వంక చూడనివారు లేరు. ముల్లు వంగితే అడుగుతాం. తూనికరాయిమీద ప్రభుత్వ ముద్ర లేకుంటే నిలదీస్తాం. కాని నెలనెలా రుసుము చెల్లించి కొంటున్న అంతర్జాల వేగం విషయంలో మాత్రం అమ్మినవాడు చెప్పిందే తూకంగా స్వీకరిస్తున్నాం. ఈ ఉదాసీనతను వీడాలన్నదే నా వాదం.

గత ఏడాది మా ఇంటి కనెక్షను నత్తనడక నడుస్తున్నదని ఫిర్యాదు చేశాను. వచ్చిన ఉద్యోగి తన సెల్‌ఫోనులో తమ సంస్థవారి పరీక్షా పుటనే తెరిచి, "వేగం సరిగానే ఉందండీ" అని సెలవు తీసుకున్నాడు. సంస్థ సొంత సర్వరు దాకా తీసిన కొలత అంగడి గుమ్మం దాకా తీసిన కొలతే. ఆ గుమ్మం దాటాక మనకు దక్కేదెంతో అది చెప్పదు.

2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగాన్ని సెకనుకు 256 కిలోబిట్లుగా నిర్వచించింది. 2013లో అది 512 కిలోబిట్లు, 2023 జనవరిలో 2 మెగాబిట్లు అయింది. నిర్వచనం ఎదిగింది, కొలిచి చూసుకునే అలవాటు మనలో ఎదగలేదు.

కొలిచే సాధనం లేదా? ఉంది, ఉచితంగానే ఉంది. లినక్స్ వాడేవారికి కాంకీ అనే చిన్న ఉపకరణం తెరమీద ఒక మూల నిలిచి యంత్రం స్థితిని చూపుతుంది. ప్రతి నెట్‌వర్క్ ద్వారం గుండా వచ్చిపోయిన బైట్ల మొత్తాన్ని కెర్నెల్ లెక్కగట్టి ఉంచుతుంది. కాంకీ నిర్ణీత వ్యవధికొకసారి ఆ లెక్క చదివి, తేడాను కాలంతో భాగించి వేగం చెబుతుంది. దాని అమరికల ఫైలులో డాలరు గుర్తు పెట్టి, కర్లీ బ్రాకెట్ల మధ్య 'డౌన్‌స్పీడ్' అనీ, పక్కన ద్వారం పేరూ ఇంగ్లీషు లిపిలో రాస్తే చాలు. పైకి పంపే వేగానికి 'అప్‌స్పీడ్'. పాత పుస్తకాలు చెప్పే 'ఈటీహెచ్0' అన్న పేరునే రాసి, సున్న చూసి నిరాశ చెందేవారు పెక్కుమంది. 2013 నుంచి అనేక లినక్స్ పంపిణీలలో ద్వారాల పేర్లు మారాయి. టెర్మినల్‌లో 'ఐపీ లింక్' ఆదేశం ఇచ్చి, అసలు పేరు తెలుసుకుని రాయాలి.

ఇక్కడొక మెలిక ఉంది. అమ్మేవాడు బిట్లలో చెబుతాడు, కాంకీ బైట్లలో చూపుతుంది. 1 బైటు 8 బిట్లు. 100 మెగాబిట్ల కనెక్షనుపై పెద్ద ఫైలు దించుతూండగా తెరమీద దాదాపు 12 మెగాబైట్లు కనిపిస్తే అది న్యాయమైన తూకమే. మోసమని కేక వేయరాదు. పదేపదే 5 వద్దనే ఆగితే నోరు మూసుకోనూ రాదు. అయితే ఆ అంకె ఆ క్షణాన పారుతున్న ప్రవాహమే తప్ప తీగ సామర్థ్యం కాదు. కనుక వైఫై వదలి తీగ ద్వారా, ఒకటికి నాలుగు చోట్ల నుంచి దించి చూడాలి.

"ఇది కంప్యూటరు పిచ్చివాళ్ల కాలక్షేపం" అనేవారికి న్యాయవాదిగా నా సమాధానం ఇది. సేవ నాణ్యత, పరిమాణం, ప్రమాణం, ధర తెలుసుకోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(9) సెక్షన్ గుర్తించిన హక్కు. టెలికాం ఫిర్యాదులు వినే అధికారం వినియోగదారుల కమిషన్లకు ఉన్నదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 16న తేల్చింది. తలుపు తెరిచే ఉంది. వట్టి చేతులతో వెళ్లేవాడిదే లోపం. తేదీ, సమయం కూడా అదే పెట్టెలో చూపేలా అమర్చి, రోజూ తెరచిత్రం భద్రపరచండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జతచేస్తే అది కమిషన్ ముందుంచదగిన ఆధారమవుతుంది.

మరి ఆ కొలత ఏ భాషలో? 2011 నాటి పొట్లపు సరుకుల నిబంధనలు వివరాలను హిందీలోగాని, ఇంగ్లీషులోగాని ముద్రించమంటాయి. మన భాష అమ్మేవాని దయ. సొంత తెరమీద ఆ దయతో పని లేదు. కాని సాధారణ ఎక్స్11 తెరపై కాంకీలో 'ఎక్కింపు వేగం' అని రాసి చూడండి: ఒత్తు కిందికి చేరక, పక్కన పరాయిదానిలా నిలబడుతుంది. ఇది తెలుగు లోపం కాదు, ఆ ఉపకరణం అక్షరాలు గీసే పద్ధతిలోని లోపం. కేడీఈ ప్లాస్మాలోని పర్యవేక్షక పలకకు అదే శీర్షిక పెడితే ఒత్తు చక్కగా కుదురుతుంది. అందువల్ల ఇంట్లో పెద్దలు చూసే తెరకు నేను దానినే సూచిస్తాను.

చదవలేని ముల్లు ముల్లు కాదు. ఎదుటివాడి చేతిలోని తక్కెడ తక్కెడ కాదు. ఈ ఆదివారం ఒక గంట వెచ్చించి, మీ తెరమీద ఆ రెండు అంకెలను మీ అక్షరాల పక్కన నిలపండి. వచ్చే నెల బిల్లును ఆ తరువాతే చెల్లించండి.