పేరు పట్టని గడులు

వెబ్‌సైట్లు తయారుచేసే నిపుణుల సదస్సుకు ఇటీవల హైదరాబాదులో తొలిసారి హాజరయ్యాము. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన మాకు అక్కడి మాటల్లో సగం అర్థం కాలేదు. కుర్రవాళ్లు మాత్రం ఎంతో మర్యాదగా పలకరించారు.

ఒక ప్రసంగం మమ్మల్ని కదిలించింది. అది దరఖాస్తులో పేరు రాసే గడి గురించి. ప్రపంచమంతటా పేర్లు ఒకే తీరున ఉండవనీ, పూర్తి పేరుకు ఒకే గడి చాలునేమో ఆలోచించమనీ వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యు3సి ఏనాడో సూచించిందట. మన ఇళ్లలో షేక్, సయ్యద్, పఠాన్ పేరుకు ముందు వస్తాయి. ఒక సర్టిఫికెట్‌లో అది ఇంటిపేరు, మరోదానిలో 'ఎస్.కె.', ఇంకోదానిలో పేరు చివరన. కంప్యూటరు లెక్కలో ఒక్క మనిషే ముగ్గురు! మా మొహల్లాలో ఒక అమ్మాయి స్కాలర్‌షిప్ ఇలాగే ఆగిపోయింది. గుమాస్తాలుగా మేమూ అటువంటి కాగితాలు తిప్పి పంపినవాళ్లమే.

లేచి ఈ సంగతి చెప్పాము. తమకు ఇంతవరకు తెలియదన్నారు. నమ్మాము. ఇన్నేళ్లూ వినతిపత్రాలతో ఆఫీసుల ముందు నిలబడ్డామే గాని, ఫారం తయారుచేసేవారిని కలవాలని మనకెన్నడూ తోచలేదు. మన సంఘాలు ఇటువంటి సదస్సులకు ఇద్దరినైనా పంపాలి, తిరస్కరణకు గురైన దరఖాస్తుల నకళ్లతో సహా.