బాంబు పడింది, జపాన్ లొంగింది... అంతేనా?

పండక్కి రావులపాలెం వెళ్తే మళ్ళీ అదే గోల. "రెండు అణుబాంబులేస్తే జపానోడు దారికొచ్చాడు, మనమూ అదే చెయ్యాలి" అంటాడు మా బాబాయి.

అలాగైతే 1945 మార్చిలో ఒక్క రాత్రే టోక్యోలో లక్షమంది దాకా కాలిపోయారు. ఆ తర్వాత అరవైకి పైగా నగరాలు తగలబడ్డాయి. ఆ పెద్దమనుషులు కదిల్తేనా! (1942 ఏప్రిల్ 6న అదే జపాన్ మన విశాఖ, కాకినాడల మీద బాంబులేసింది. తెల్లోడు లొంగాడా ఏంటి?)

వాళ్ళ ఆశంతా స్టాలిన్ మధ్యవర్తిత్వం చేస్తాడని. ఆగస్టు 6న హిరోషిమా పోయింది. ఆరుగురి యుద్ధమండలి మాత్రం 9న గానీ కూర్చోలేదు. ఆ రోజు తెల్లారేసరికి రష్యా సైన్యం మంచూరియాలో ఉంది మరి! మీటింగ్ నడుస్తుండగానే నాగసాకి వార్త వచ్చింది. అయినా షరతుల దగ్గర మూడూ మూడుగా చీలిపోయారు. ఆఖరికి చక్రవర్తే తేల్చాల్సొచ్చింది.

బాంబు పనిచెయ్యలేదని నేననను. 15వ తేదీ రేడియో ప్రసంగంలో దాని మాట ఉంది. కానీ 17న సైనికులకి ఇచ్చిన ఆదేశంలో బాంబు ఊసే లేదు, రష్యా ఉంది. ఈ రెండో కాగితం ఎవరూ చదవరు, హిరోషిమా శవాల్ని మాత్రం "మందు పనిచేసింది" అని లెక్క రాసేసుకుంటారు. ఏ ఊరి మీద వేద్దామంటావు బాబాయ్?